ఆపినా ఆగని ఏరియేటర్లు: కాంటాక్టర్ కాయిల్ స్పైక్ మీద ఒక కేస్ స్టడీ

భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ల చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ (చక్రాలు తిప్పి నీళ్లలో గాలి కలిపే యంత్రం) ప్యానెళ్లు కట్టడం, బాగుచేయడం నా పని. ఈ ప్యానెళ్లలో అన్నిటికంటే ముందు పోయేది కాంటాక్టర్‌ను నడిపే చిన్న రిలే. కాంటాక్టర్ అంటే కాయిల్‌కు కరెంటు ఇస్తే అయస్కాంతంలా లాగి మోటారును వేసే (పట్టుకునే), తీస్తే ఆపే (వదిలే) పెద్ద స్విచ్. రిలే అదే పద్ధతిలో పనిచేసే చిన్న స్విచ్. అది పోతే కొత్తది వేస్తారు, మళ్లీ పోతే ఇంకొంచెం పెద్దది వేస్తారు. రిలే ఎందుకు పోతోందని అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నకు జవాబు దొరికిన ఒక ప్యానెల్ గురించి వివరంగా రాస్తున్నాను. మా ప్రాంతంలో ఇదే పని చేస్తున్న కుర్రాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

ఉప్పుటేరుకు దగ్గర్లో ఉన్న వెనామీ రొయ్యల చెరువు అది. ప్యానెల్ కింద నాలుగు ఏరియేటర్లు, ఒక్కోటి 2 హెచ్‌పీ, త్రీ ఫేజ్. ఒక్కో మోటారుకు ఒక కాంటాక్టర్, ఒక ఓవర్‌లోడ్ రిలే. కాంటాక్టర్ల కాయిల్స్ 230 వోల్టులవి. నాలుగింటినీ పారలల్‌గా కలిపి ఒకే చిన్న రిలే కాంటాక్ట్ మీద నడిపిస్తున్నారు. ఆ రిలేకు 12 వోల్టుల డీసీ కాయిల్. దాన్ని నడిపేది టైమరూ సిమ్ కార్డూ ఉన్న కంట్రోలర్. రైతు ఇంట్లో పడుకుని ఫోన్‌లోంచే ఏరియేటర్లు వేయొచ్చు, ఆపొచ్చు.

చెరువు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. పగలు నీళ్లలోని పాచి ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదే పాచి, రొయ్యలు, అడుగునున్న మడ్డి అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్) అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉంటే రైతు నిశ్చింతగా ఉంటాడు. 3 దిగువకు వస్తే రొయ్య ఒత్తిడికి గురవుతుంది, మేత తినడం మానేస్తుంది. ఇంకా పడితే నీటి పైకి తేలుతుంది. అప్పుడు గంటల మీద పంట పోతుంది. కాబట్టి రాత్రి 2 గంటలకు పట్టుకోవాల్సిన కాంటాక్టర్ పట్టుకోకపోవడం ఇక్కడ మామూలు ఎలక్ట్రికల్ రిపేరు కిందికి రాదు.

మొదటి ఫిర్యాదు సరిగ్గా అదే. టైమర్ టైముకు రిలే టిక్కుమంది, దీపం వెలిగింది, కాంటాక్టర్లు మాత్రం పట్టుకోలేదు. కాపలా ఉన్న అబ్బాయి లేచి చూసి, చేత్తో బైపాస్ స్విచ్ వేశాడు కాబట్టి సరిపోయింది. రిలే మార్చారు. కొన్నాళ్లకు మళ్లీ అదే. ఈసారి 30 ఆంపియర్ల రిలే వేశారు. కాంటాక్ట్ పెద్దది కాబట్టి కొంత ఎక్కువ కాలం బతికింది, కానీ జబ్బు మారలేదు. మధ్యలో ఇంకో గొడవ మొదలైంది. కాంటాక్టర్లు వదిలిన ప్రతిసారీ కాదుగానీ, అప్పుడప్పుడు కంట్రోలర్ హ్యాంగ్ అయ్యేది. సిమ్ మాడ్యూల్ నెట్‌వర్క్ వదిలేసేది. ఫోన్‌లో ఆన్ అని ఉంటుంది, చెరువు మీద ఆఫ్.

ఊళ్లో పనిచేసే ఎలక్ట్రీషియన్ తమ్ముడు తెలివైనవాడు. రిలే దగ్గర నిప్పురవ్వ కనబడుతోంది కాబట్టి కెపాసిటర్ పెడితే తగ్గుతుందని ఎక్కడో విన్నాడు. చేతిలో ఉన్న సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్, 2.5 మైక్రోఫారడ్‌ది, రిలే కాంటాక్ట్‌కు అడ్డంగా కట్టాడు. రవ్వ నిజంగానే మాయమైంది. ఆ రోజు నుంచి ఏరియేటర్లు ఆగడం మానేశాయి.

రైతు గారు నాకు ఫోన్ చేసింది అప్పుడే. "ఏవండీ, ఆపినా ఆగట్లేదండి. మొన్నే కొత్త రిలే వేశాం, అది కూడా అతుక్కుపోయినట్టుంది. పట్టుబడికి ఇంకా చాలా ఉందండి, రోజూ ఈ టెన్షన్ పడలేం" అన్నారు.

రిలే పీకినా వదలని కాంటాక్టర్లు

అక్కడికి వెళ్లేసరికి నాలుగు ఏరియేటర్లూ తిరుగుతున్నాయి. కంట్రోలర్‌లో ఆఫ్. రిలే కాయిల్ మీద వోల్టేజీ లేదు. కాంటాక్ట్ అతుక్కుపోయిందనే అందరి అనుమానం. సాకెట్‌లోంచి రిలేను పూర్తిగా పీకేశాను. కాంటాక్టర్లు అప్పటికీ వదల్లేదు. రిలేనే లేనప్పుడు దాని కాంటాక్ట్ అతుక్కోవడం అన్న మాటకు తావులేదు. ఇంకెక్కడో దారి ఉంది. సాకెట్ వెనక వైర్లలో ఆ ఫ్యాన్ కెపాసిటర్ కనబడింది. మెయిన్ ఆపి, దాని ఒక కాలు విప్పి, మళ్లీ మెయిన్ వేస్తే కాంటాక్టర్లు పైకి లేవలేదు. అన్నీ మామూలుగానే పనిచేశాయి.

ఇక్కడ జరిగింది చాలామందికి తెలియని విషయం, లెక్క వేస్తే కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. ఈ సైజు కాంటాక్టర్ ఒకసారి పట్టుకున్నాక సుమారు 8 వీఏ (వోల్టులు ఇంటూ ఆంపియర్లు) మాత్రమే తీసుకుంటుంది. 230 తో భాగిస్తే 35 మిల్లీ ఆంపియర్లు. నాలుగింటికి కలిపి 140. 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ 50 హెర్ట్జ్ దగ్గర 230 వోల్టుల మీద ఒంటరిగానే 180 మిల్లీ ఆంపియర్లు పోనిస్తుంది. అంటే రిలే తెరుచుకున్నా, పట్టుకుని ఉండడానికి కావలసినంత కరెంటు కెపాసిటర్ గుండా వస్తూనే ఉంది. అంతకంటే ప్రమాదకరమైన సంగతి ఇంకొకటి. పట్టుకున్న కాయిల్ ఇండక్టెన్స్ ఒక్కొక్కటి దాదాపు 20 హెన్రీలు, నాలుగు పారలల్‌లో 5. 5 హెన్రీలూ 2.5 మైక్రోఫారడ్లూ సిరీస్‌లో ఉంటే రెజొనెన్స్ (రెండూ లయ కలిసి వోల్టేజీని పెంచే ఫ్రీక్వెన్సీ) 45 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. మన సప్లై 50. అంత దగ్గరగా ఉంటే కాయిల్ మీదికి 230 కంటే ఎక్కువ వోల్టేజీ కూడా వస్తుంది. ఆ నాలుగు కాయిల్స్ చేయి పెట్టలేనంత వేడిగా ఉండడానికి కారణం అదే. ఇంకొన్ని రోజులు అలాగే వదిలేస్తే అవి కాలిపోయేవి.

సాకెట్‌లోంచి పీకిన రిలేను విప్పి చూశాం. నిజానికి అదీ బాగాలేదు. కాంటాక్ట్ మీద చిన్న చిన్న వెల్డింగు చుక్కలు. దానికంటే ముందు తీసేసిన రిలేను కూడా తెప్పించి చూస్తే అది పూర్తిగా అతుక్కుపోయి ఉంది. ఇది కూడా కెపాసిటర్ పనే. కాంటాక్ట్ తెరిచి ఉన్నప్పుడు కెపాసిటర్ 325 వోల్టుల దాకా, కొన్నిసార్లు ఇంకా పైకి, ఛార్జ్ అయి ఉంటుంది. రిలే మూసుకున్న క్షణాన ఆ ఛార్జ్ అంతా నేరుగా కాంటాక్ట్ గుండా షార్ట్ అవుతుంది. మధ్యలో రెసిస్టర్ లేదు కాబట్టి ఆపేవాడు లేడు. మైక్రోసెకన్ల పాటు వందల ఆంపియర్లు. వెండి కరిగి అతుక్కోవడానికి అది చాలు. కెపాసిటర్ ఒక్కదాన్నే కాంటాక్ట్‌కు అడ్డంగా కట్టకూడదని రిలే తయారీదారులు రాస్తారు. మన చేతికి రిలే మాత్రమే వస్తుంది, ఆ కాగితం రాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఏరియేటర్‌కు నాచు చుట్టుకుంటే, తాడు తెగితే నీళ్లలోకి దిగి సరిచేస్తారు. ఫోన్‌లో ఆఫ్ అని చూసి, చక్రాలు ఆగాయని చూసి దిగేవాళ్లను నేను చాలా చెరువుల మీద చూశాను. రిలే గానీ కాంటాక్టర్ గానీ మనిషి ప్రాణానికి పూచీ కాదు. టైమర్ ఎప్పుడైనా వేయొచ్చు, కాంటాక్ట్ అతుక్కుని ఉండొచ్చు. దిగేముందు ఆ ఏరియేటర్ ఎంసీబీ కిందికి దించాలి, ప్యానెల్ తలుపుకు తాళం వేసి తాళంచెవి దిగే మనిషి దగ్గరే ఉంచుకోవాలి. ఈ చెరువు మీద ఆ రోజే ఆ ఏర్పాటు చేయించాను.

కెపాసిటర్ తీసేస్తే సరిపోతుందా

సరిపోదు. తీసేస్తే మళ్లీ మొదటి జబ్బు దగ్గరికి వస్తాం. రిలే కాంటాక్ట్ మాడిపోవడం, కంట్రోలర్ హ్యాంగ్ కావడం. వాటికి మూలం కాయిల్.

కాయిల్‌లో కరెంటు పారుతున్నంతసేపు దాని ఇనుప కోర్‌లో అయస్కాంత క్షేత్రంగా శక్తి నిల్వ ఉంటుంది. ఎంతంటే ఇండక్టెన్స్‌లో సగం, ఇంటూ కరెంటు వర్గం. మన కాంటాక్టర్‌కు 35 మిల్లీ ఆంపియర్లు ఆర్ఎంఎస్, శిఖరం దగ్గర 50. 20 హెన్రీలతో లెక్క కడితే 25 మిల్లీజౌళ్లు. వినడానికి చాలా చిన్న అంకె. కానీ రిలే తెరుచుకోగానే ఆ కరెంటుకు పోవడానికి దారి లేదు. ఇండక్టర్ తన కరెంటును ఒక్కసారిగా ఆగనివ్వదు, ఆపాలని చూస్తే వోల్టేజీ పెంచుతుంది. కాయిల్ చుట్లకూ వైర్లకూ మధ్య సహజంగా ఉండే కొద్దిపాటి కెపాసిటెన్స్, అది కొన్ని వందల పికోఫారడ్లు, అందులోకి ఆ శక్తి అంతా దూరుతుంది. కాగితం మీద లెక్క వేస్తే వేల వోల్టులు. కోర్‌లోనూ, ఏసీ కాంటాక్టర్‌లో ఉండే రాగి షేడింగ్ రింగ్‌లోనూ కొంత నష్టమైపోతుంది కాబట్టి అంత రాదు. అయినా వెయ్యి దాటడం మామూలే. ఈ ప్యానెల్ మీద బ్యాటరీతో నడిచే చేతి స్కోప్ (వోల్టేజీ అలను గీసి చూపే పరికరం)తో, 100:1 ప్రోబ్ పెట్టి చూస్తే అదే కనబడింది. బల్ల మీద పెట్టే స్కోప్ ఎర్త్ పిన్ విరిచేసి ఇలాంటి చోట్ల కొలవడం కొందరికి అలవాటు. దయచేసి ఆ పని చేయకండి, స్కోప్ ఒళ్లంతా లైవ్ అవుతుంది.

వెయ్యి వోల్టులు అనగానే ఒక పెద్ద ఆర్క్ ఊహించుకుంటాం. అసలు జరిగేది వేరు. వెండి కాంటాక్ట్‌ల మధ్య ఆర్క్ నిలబడాలంటే సుమారు 12 వోల్టులు, 0.4 ఆంపియర్ల కరెంటు కావాలి. మనది అంతకంటే తక్కువ కరెంటు కాబట్టి ఆర్క్ నిలబడదు. నిలబడకపోవడమే ఇక్కడి సమస్య. కాంటాక్ట్‌లు విడిపోవడం మొదలైనప్పుడు వాటి మధ్య ఖాళీ మైక్రాన్లలో ఉంటుంది. వోల్టేజీ ఎగిరి ఆ ఖాళీని ఛేదిస్తుంది, ఒక రవ్వ పుడుతుంది, వోల్టేజీ కిందపడుతుంది, రవ్వ ఆరిపోతుంది, కాయిల్ మళ్లీ వోల్టేజీ పెంచుతుంది, మళ్లీ రవ్వ. ఒకటి రెండు మిల్లీసెకన్లలో ఇలా వందల సార్లు జరుగుతుంది. కంటికి ఒకే నీలిరంగు మెరుపుగా కనబడుతుంది. ప్రతి రవ్వా కాంటాక్ట్ మీద ఒక సూదిమొన గుంట చేస్తుంది. ప్రతి రవ్వతో పాటు రేడియో తరంగంలా ఒక అలజడి వైర్లలోకి పోతుంది. ఈ ప్యానెల్‌లో కాయిల్ వైర్లూ కంట్రోలర్ కార్డు వైర్లూ ఒకే డక్ట్‌లో పక్కపక్కనే ఉన్నాయి. కంట్రోలర్ హ్యాంగ్ కావడానికి వేరే కారణం వెతకాల్సిన పనిలేదు.

అర్థం చేసుకోవడానికి నేను దీన్ని పరుగు పందెంలా చూస్తాను. ఒకవైపు కాంటాక్ట్‌ల మధ్య పెరుగుతున్న ఖాళీ, ఇంకోవైపు కాయిల్ పెంచుతున్న వోల్టేజీ. ఏ సప్రెషనూ (ఈ స్పైక్‌ను, అంటే ఒక్కసారిగా ఎగిరే వోల్టేజీని, అణిచే ఏర్పాటు) లేకపోతే వోల్టేజీ మైక్రోసెకనుకు 100 వోల్టుల లెక్కన ఎగబాకుతుంది. ఖాళీ ఇంకా కళ్లు తెరవకముందే అది గెలిచేస్తుంది. కాయిల్‌కు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటే, అదే 50 మిల్లీ ఆంపియర్లు వోల్టేజీని మైక్రోసెకనుకు అర వోల్టు మాత్రమే పెంచగలవు. శిఖరానికి చేరడానికి 2 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. ఆలోగా కాంటాక్ట్‌లు హాయిగా దూరం జరిగిపోతాయి.

కాంటాక్ట్ మీదా, కాయిల్ మీదా

కెపాసిటర్ ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్న. కాంటాక్ట్‌కు అడ్డంగా ఆర్‌సీ స్నబ్బర్ (రెసిస్టర్, కెపాసిటర్ సిరీస్‌లో ఉన్న జత) పెట్టడం పుస్తకాల్లో ఉంది, అది తప్పు కాదు. కానీ రిలే తెరిచి ఉన్నా స్నబ్బర్ గుండా లీకేజీ ఉంటుంది. 0.1 మైక్రోఫారడ్‌కు 7 మిల్లీ ఆంపియర్లు. ఈ కాంటాక్టర్ దానికి పట్టుకుని ఉండదు, కానీ ఇండికేటర్ ఎల్ఈడీ మసకగా వెలుగుతుంది, చిన్న ఏసీ రిలే కాయిల్ అయితే వదలకపోవచ్చు. 7 మిల్లీ ఆంపియర్లంటే తడి చేతులతో ముట్టుకునేవాడికి తక్కువేం కాదు. చెరువు గట్టు మీద, ఆఫ్ చేసిన వైర్‌లో కరెంటు మిగిలి ఉండడం నాకు ఇష్టం లేదు. అందుకే నా ఓటు ఎప్పుడూ కాయిల్ వైపే. స్పైక్ పుట్టేచోటే దాన్ని పట్టుకుంటే అది వైర్లలోకి రానే రాదు.

ఒక్కో కాంటాక్టర్ ఏ1, ఏ2 టెర్మినళ్ల (కాయిల్ రెండు కొసల) మీద నేరుగా ఒక్కో స్నబ్బర్ పెట్టాను. 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం కెపాసిటర్, సిరీస్‌లో 220 ఓమ్‌ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్. మామూలుగా 100 ఓమ్‌లు చెబుతారు. ఇక్కడ నాలుగు స్నబ్బర్లు ఒకే రిలే కాంటాక్ట్ మీద ఉన్నాయి. వోల్టేజీ శిఖరం దగ్గర రిలే మూసుకుంటే 100 ఓమ్‌లతో ఒక్కొక్కటీ 3 ఆంపియర్ల పైన, మొత్తం 13 ఆంపియర్లు ఒక్క క్షణం లాగుతాయి. 220 పెడితే మొత్తం 6 కు దిగుతుంది. అటు తెరుచుకునేటప్పుడు 220 ఓమ్‌ల మీద పడే వోల్టేజీ 11 మాత్రమే, దానివల్ల నష్టం లేదు. ఎక్స్2 అన్న మాట మీద రాజీ పడొద్దు. మెయిన్స్ మీద ఉండే కెపాసిటర్ పాడైతే తెరుచుకోవాలి గానీ షార్ట్ అయి మండకూడదు, ఎక్స్2 ముద్ర ఆ భరోసా కోసమే. మామూలు 400 వోల్టుల డీసీ పాలియెస్టర్ కెపాసిటర్ దానికి బదులు కాదు.

ఆర్‌సీ ఒక్కటే ఉంటే కాయిల్ మీది శిఖరం ఎంత? 25 మిల్లీజౌళ్లూ 0.1 మైక్రోఫారడ్‌లోకి పోతే 700 వోల్టులు. కోర్ నష్టాల వల్ల అంతకంటే తక్కువే వస్తుంది. అయినా పైన ఒక కప్పు ఉండడం మంచిదని స్నబ్బర్ పక్కనే ఎంఓవీ (వోల్టేజీ ఒక హద్దు దాటితే కరెంటు పోనిచ్చే భాగం) కూడా పెట్టాను. ఇక్కడ చాలామంది ఎంఓవీ ఒక్కటే పెట్టి సరిపెట్టుకుంటారు. నా అనుభవంలో అది సగం పనే. 275 వోల్టుల ఏసీ ఎంఓవీ 430 వోల్టుల దగ్గర కరెంటు పోనివ్వడం మొదలుపెడుతుంది. గాలి మాత్రం 330 వోల్టుల ప్రాంతంలోనే ఛేదింపుకు గురికాగలదు. అంటే ఎంఓవీ నిద్ర లేవకముందే చిన్న ఖాళీలో రవ్వల వాన మొదలై ఉంటుంది. ఎంఓవీ శిఖరాన్ని కోస్తుంది, వేగాన్ని తగ్గించదు. వేగాన్ని తగ్గించేది కెపాసిటరే.

ఎంఓవీ వోల్టేజీ ఎంపికలో మన ప్రాంతం గురించి ఆలోచించాలి. ఫీడర్ చివర్లో రాత్రి లోడు తగ్గితే 230 ఉండాల్సిన చోట 260 దాకా చూశాను. అందుకని 275 బదులు 320 వోల్టుల ఏసీది, 14 మిల్లీమీటర్లది వేశాను. న్యూట్రల్ ఊడితే ఏదీ తట్టుకోదు, సింగిల్ ఫేజ్ లోడ్ల మీదికి 415 దాకా వచ్చి ఎంఓవీ షార్ట్ అవుతుంది. అందుకే కంట్రోల్ సర్క్యూట్‌కు ముందు 2 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. మన పంపుసెట్ స్టార్టర్లలో న్యూట్రల్ అవసరం లేకుండా రెండు ఫేజుల మధ్య నడిచే 415 వోల్టుల కాయిల్ చాలా ఎక్కువ. అలాంటి చోట ఇక్కడ రాసిన విలువలు వాడకూడదు. కెపాసిటర్ 440 వోల్టుల ఏసీ రేటింగుది, ఎంఓవీ 510 వోల్టులది కావాలి.

ఏసీ కాయిల్ మీద డయోడ్ (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే భాగం) పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. సగం సైకిల్‌కు అది షార్ట్ సర్క్యూట్.

డయోడ్ ఎక్కడుండాలి

డయోడ్ చోటు రిలే సొంత 12 వోల్టుల కాయిల్ మీద. అక్కడ కంట్రోలర్ కార్డులో యూఎల్ఎన్2003 డ్రైవర్ ఐసీ ఉంది, దాని లోపలే డయోడ్లు ఉంటాయి. అవన్నీ కలిసే కామ్ పిన్ 12 వోల్టులకు కలిపి ఉంది. అంతా పద్ధతి ప్రకారమే ఉంది. అయితే దీనిలోనూ ఒక చిక్కు ఉంది, నేను దీన్ని ముఖ్యమైనదిగా భావిస్తాను. డయోడ్ ఉంటే ఐసీలోని ట్రాన్సిస్టర్ బతుకుతుంది, కానీ రిలే కాయిల్‌లోని కరెంటు డయోడ్ గుండా తిరుగుతూ నెమ్మదిగా చస్తుంది. రిలే వదిలే సమయం మూడు నాలుగు రెట్లు కావచ్చు. ఆలస్యం ఒక్కటే అయితే ఫరవాలేదు, ఆర్మేచర్ (రిలేలో కదిలే ఇనుప ముక్క) కదలడం కూడా మందకొడిగా ఉంటుంది. కాంటాక్ట్‌లు చటుక్కున విడిపోవడానికి బదులు బద్ధకంగా విడిపోతాయి. పైన చెప్పిన పందెంలో మనమే మన కాంటాక్ట్ కాళ్లు కట్టేసినట్టు.

దానికి మందు తేలిక. కామ్ పిన్‌కూ 12 వోల్టుల లైన్‌కూ మధ్య 18 వోల్టుల జీనర్ డయోడ్ (18 వోల్టులు దాటాకే వెనక్కి కరెంటు పోనిచ్చేది) వేశాను, క్యాథోడ్ కామ్ వైపు. ఇప్పుడు కాయిల్ ఐసీ వైపు కొస వోల్టేజీ 31 దాకా ఎగరగలదు, కరెంటు త్వరగా చచ్చిపోతుంది. ఐసీ అవుట్‌పుట్ 50 వోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి క్షేమం. రిలే వదిలే శబ్దంలోనే తేడా తెలిసింది, మునుపు మెత్తగా ఉండేది, ఇప్పుడు టక్కుమంటోంది.

రిలే ఎంపికలో 30 ఆంపియర్ల అంకెను పక్కన పెట్టేశాం. రిలే ఒంటి మీద రాసే 10 ఆంపియర్లు, 30 ఆంపియర్లు అన్నవి హీటర్ లాంటి రెసిస్టివ్ లోడ్‌కు. కాంటాక్టర్ కాయిల్ లాంటి లోడ్‌కు ఏసీ-15 అనే వేరే కేటగిరీ ఉంది, మంచి రిలే డేటాషీట్‌లో ఆ అంకె విడిగా ఇస్తారు, అది ఎప్పుడూ బాగా తక్కువ. ఏసీ-15 అంకె ఇచ్చిన, సిల్వర్ టిన్ ఆక్సైడ్ కాంటాక్ట్ ఉన్న ప్లగ్-ఇన్ రిలే వేశాం. సాధారణంగా రిలే యాంత్రిక ఆయుష్షు కోటి సార్లు, రేటెడ్ లోడు మీద కాంటాక్ట్ ఆయుష్షు లక్ష సార్ల స్థాయిలో ఉంటుంది. ఆ రెండు అంకెల మధ్య తేడా అంతా రవ్వలు తినేసేదే.

ఎన్నిసార్లు వేసి ఆపుతోంది?

ఆయుష్షు మాట వచ్చింది కాబట్టి, ఈ ప్యానెల్ రోజుకు ఎన్నిసార్లు రిలేను కదుపుతోందో కూడా చూశాం. టైమర్ ప్రకారం అయితే పదుల్లో ఉండాలి. కంట్రోలర్ లాగ్‌లో దానికి ఎన్నో రెట్లు ఉంది. కారణం తక్కువ వోల్టేజీ సెట్టింగు. 180 కి పడితే ఆపు, 185 కి వస్తే వేయి అని పెట్టి ఉంది. సాయంత్రం చుట్టుపక్కల చెరువులన్నీ ఏరియేటర్లు వేసే వేళకు లైన్ 186, 187 దగ్గర ఊగుతూ ఉంటుంది. నాలుగు మోటార్లు ఒక్కసారిగా స్టార్ట్ అవగానే వాటి స్టార్టింగ్ కరెంటుకు వోల్టేజీ 180 కిందికి జారుతుంది. కంట్రోలర్ ఆపేస్తుంది. ఆపగానే వోల్టేజీ లేస్తుంది. మళ్లీ వేస్తుంది. ఇదే ఆట గంటసేపు. పైగా కాంటాక్టర్ కాయిల్‌కు పట్టుకోవడానికి రేటెడ్ వోల్టేజీలో 85 శాతం, అంటే 195 వోల్టులు ఉంటేనే తయారీదారు హామీ ఇస్తాడు. 185 దగ్గర వేస్తే అది గడగడ వణుకుతుంది, మెయిన్ కాంటాక్ట్‌లు మాడతాయి.

తిరిగి వేసే హద్దును 205 కు పెంచాం, లేచిన వోల్టేజీ 3 నిమిషాలు నిలిస్తేనే వేయమని పెట్టాం. మొదట ఒక రిలే కింద ఉన్న నాలుగు కాంటాక్టర్లను రెండు రిలేలకు పంచి, రెండోది 20 సెకన్ల తర్వాత పట్టుకునేలా చేశాం. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఇదే వరుస. ఒక్కో రిలే మీద స్నబ్బర్ల భారం సగమైంది, జనరేటర్ మీద కుదుపూ తగ్గింది. సప్రెషన్ గురించి ఎంత మాట్లాడుకున్నా, అక్కర్లేని ఆపరేషన్ ఒకటి తగ్గిస్తే ఆ రవ్వలు అసలు పుట్టనే పుట్టవు. ఈ ఒక్క మార్పే రిలే ఆయుష్షును అన్నిటికంటే ఎక్కువ పెంచిందంటే ఆశ్చర్యపోను.

తేమ, ఉప్పుగాలి, సిలికాన్

డెల్టాలో రిలే విప్పితే మెట్ట ప్రాంతంలో కనబడనిది ఒకటి కనబడుతుంది. కాంటాక్ట్ చుట్టూ ఉన్న రాగి రేకు మీద పచ్చ-నీలం చిలుము. గాలిలో రవ్వ పుట్టినప్పుడు నత్రజని ఆక్సైడ్లు పుడతాయి, తేమ తగిలితే అవి నైట్రిక్ ఆమ్లంగా మారతాయి. ఉప్పుటేరు గట్టు మీద తేమకు కొదవ లేదు, పైన ఉప్పుగాలి. కాబట్టి రవ్వ తగ్గించడం ఇక్కడ రెండు విధాలా లాభం.

తేమ రాకూడదని ఈ ప్యానెల్ వైర్ల రంధ్రాలన్నీ సిలికాన్ సీలెంట్‌తో పూడ్చేశారు. ఉద్దేశం మంచిది. కానీ సిలికాన్ నుంచి వచ్చే ఆవిరి కాంటాక్ట్ దగ్గర రవ్వ వేడికి సిలికాగా మారి పూతలా పేరుకుంటుంది, అది ఇసుక జాతి, కరెంటు పోనివ్వదు. రిలే పట్టుకున్నట్టే ఉంటుంది, కరెంటు రాదు. మొదటి ఫిర్యాదులో దీని వాటా కూడా ఉండి ఉంటుందని నా అభిప్రాయం. సీలెంట్ అంతా గీకించి, రబ్బరు కేబుల్ గ్లాండ్లు వేయించాను. కింది భాగంలో జాలీ ఉన్న చిన్న గాలి రంధ్రం వదిలాం, లేకపోతే రాత్రి చల్లబడ్డాక లోపలే నీటి బొట్లు పడతాయి. కంట్రోలర్ వైర్లను కాయిల్ వైర్ల డక్ట్‌లోంచి తీసి వేరే డక్ట్‌లో వేశాం.

పట్టుబడి అయ్యాక, చెరువు ఎండబెట్టిన రోజుల్లో ప్యానెల్ మళ్లీ విప్పి చూశాను. రెండు రిలేల కాంటాక్ట్‌లూ కొంచెం బూడిదరంగు తిరిగాయి, ఉపరితలం మాత్రం చదునుగానే ఉంది, గుంటలు లేవు. కాయిల్స్ మామూలు వేడిలోనే ఉన్నాయి. ఆ పంటలో కంట్రోలర్ హ్యాంగ్ అయిన ఫిర్యాదు రాలేదు. స్కోప్ పెడితే కాయిల్ మీది శిఖరం ఎంఓవీ హద్దు కిందే ఉంది, ముందు కనబడిన రవ్వల వాన గీతలు లేవు. ఎలక్ట్రీషియన్ తమ్ముడు పక్కనే నిలబడి రెండు చిత్రాలూ ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. రైతు గారి మిగతా రెండు చెరువుల ప్యానెళ్లకు స్నబ్బర్లు అతనే కట్టాడు, ఈసారి రెసిస్టర్‌తో సహా.

ఎంఓవీలు మాత్రం శాశ్వతం కాదు. పెద్ద సర్జ్ తిన్న ప్రతిసారీ కొంచెం అరుగుతాయి. రైతు గారికి చెప్పింది ఇది: ప్రతి పంట విరామంలో ప్యానెల్ తలుపు తెరిచి, మెయిన్ ఆపి, ఎంఓవీ పగిలిందేమో, రంగు మారిందేమో, చుట్టూ నల్లబడిందేమో చూడాలి. ఏదైనా కనబడితే నాలుగూ ఒకేసారి మార్చాలి. పిడుగులు పడిన రాత్రి తర్వాత విరామం దాకా ఆగకుండా వెంటనే చూడాలి. ఎక్స్2 కెపాసిటర్ కూడా ఏళ్ల మీద విలువ కోల్పోతుంది, మల్టీమీటర్‌లో కెపాసిటెన్స్ చూసి 0.08 మైక్రోఫారడ్ కిందికి వస్తే మార్చేయమన్నాను. స్పేర్‌గా రెండు స్నబ్బర్లు, రెండు ఎంఓవీలు, ఒక రిలే, రెండు ఫ్యూజులు ప్లాస్టిక్ డబ్బాలో వేసి ప్యానెల్ లోపలి తలుపుకే కట్టి ఉంచాం.